హస్కీల తెలుగు అభిమానులకు: గెలిచిన మర్నాడు రాస్తున్న ఉత్తరం

రాకీ హిల్, కనెక్టికట్
డిసెంబర్ 15, 2024

అన్నలకూ అక్కలకూ, బావలకూ వదినలకూ, మొన్న ఆగస్టులో స్టోర్స్‌లోని కనెక్టికట్ యూనివర్సిటీలో చేరి అప్పుడే హస్కీ టోపీ పెట్టుకు తిరుగుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

ఈ ఉత్తరం, హవాయి దీవి మౌయిలో జరిగిన పోటీలో మన యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు హస్కీలకి మూడు మ్యాచ్‌లూ పోయిన రాత్రే మొదలుపెట్టాను. రెండు పేరాలు రాసి ఆపేశాను. ఆ రాత్రి ఏం రాసినా ఓదార్పు కింద జమకట్టి ఊరుకునేవారు. ఇప్పుడు గెలుపు మత్తులో ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. నిన్న రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గొంజాగా యూనివర్సిటీని 77-71తో ఓడించాక, గ్రాండ్ సెంట్రల్ నుంచి న్యూ హేవెన్ రైలెక్కితే పెట్టెలో సగం నీలం జెర్సీలే. మన కుర్రాడు మెక్‌నీలీ కొట్టిన 26 పాయింట్ల గురించి ఒకాయన స్టాంఫర్డ్ దాకా ఆపకుండా చెప్పాడు. వెనక సీట్లోంచి "వరసగా మూడో టైటిలు కూడా మనదే, రాసిపెట్టుకో" అని అచ్చ తెలుగులో వినపడింది. తిరిగి చూస్తే మనవాళ్లే. రెండున్నర వారాల కిందట, థాంక్స్‌గివింగ్ ముందు రాత్రి, ఇదే గొంతు నాకు ఫోన్ చేసి "ఈ ఏడాదికి దుకాణం కట్టేసినట్టే" అంది.

రెండు సార్లూ మీరు తప్పే. నొచ్చుకోకండి, వివరంగా చెబుతాను.

మొదట క్రికెట్ మాట. మీకు కోపం రాకుండా విషయం చెప్పాలంటే అదే దారి. నవంబర్ 24 ఆదివారం రాత్రి మనలో సగం మంది పడుకోలేదు. న్యూజీలాండ్ మన గడ్డ మీదకొచ్చి 3-0తో ఊడ్చుకుపోయి మూడు వారాలే అయింది. అలా ఓడిన మన జట్టే పెర్త్‌లో ఆస్ట్రేలియా మీద 295 పరుగులతో గెలుస్తుంటే అర్ధరాత్రి దాటేదాకా చూశాం. ఆ మ్యాచ్ తొలి ఇన్నింగ్స్‌లో జట్టంతా 150కే కూలింది. అందులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, ఆడుతున్న మొదటి టెస్టులో, అందరికంటే ఎక్కువగా 41 కొట్టాడు. ఆ 41 విలువేమిటో మీలో ఒక్కరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పిచ్ ఎలా ఉంది, బంతి ఎంత పాతబడింది, అవతల బౌలరెవరు, అన్నీ మీరే చెప్పారు. పిచ్ చూడకుండా స్కోరు మాట్లాడేవాణ్ణి మీరు పక్కన కూర్చోనివ్వరు.

తెల్లారి సోమవారం మధ్యాహ్నం, అవే ఎర్రబడ్డ కళ్లతో ఆఫీసు లాప్‌టాప్ పక్కన ఫోను నిలబెట్టుకుని మౌయిలో మొదటిదైన మెంఫిస్ మ్యాచ్ చూశాం. ఓవర్‌టైమ్‌లో, అంటే అదనపు ఆటలో, 99-97తో పోయింది. మంగళవారం కొలరాడో, 73-72. ఒక్క పాయింటు, అదీ ఆఖరి క్షణాల్లో. బుధవారం డేటన్, 85-67. వరసగా రెండేళ్లు ఛాంపియన్లు, దేశంలో రెండో ర్యాంకు జట్టు, ఎనిమిది జట్ల పోటీలో ఎనిమిదో స్థానంలో మిగిలింది. మరుసటి వారం ర్యాంకు 2 నుంచి 25కి జారింది. అంతే, అర్ధరాత్రి పిచ్ చదివిన మేధావులంతా మాయమైపోయారు. మిగిలింది స్కోరుబోర్డు ఒక్కటే.

అసలు అంతకుముందు నాలుగు మ్యాచ్‌ల సంగతి చూడండి. సేక్రెడ్ హార్ట్, న్యూ హాంప్‌షైర్, లె మోయిన్, ఈస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం. నాలుగూ 30కి పైగా తేడాతో గెలిచాం. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి చెప్పాలి: నవంబర్‌లో పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలకి డబ్బిచ్చి ఇంటికి పిలిపించుకుంటాయి. వాళ్లకి ఏడాది ఖర్చులు గడుస్తాయి, వీళ్లకి సొంత మైదానంలో గెలుపు దక్కుతుంది. పక్క ఊరి కుర్రాళ్లకి దారి ఖర్చులిచ్చి, భోజనం పెట్టి మరీ ఓడించి పంపడం లాంటిది. లె మోయిన్ అయితే కాలేజీ ఆటల పై శ్రేణి డివిజన్ వన్‌లోకి వచ్చిందే నిరుడు. ఈస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్లు ఆ పేరు పెట్టుకున్నదే ఆ నెలలో. అలాంటి నాలుగు గెలుపులు చూసి మీరు శాన్ ఆంటోనియోలో ఏప్రిల్ మొదటి వారానికి గదులు బుక్ చేశారు. ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నీలో ఆఖరి నాలుగు జట్ల పోటీ, అక్కడ కదా మరి. మౌయి అయ్యాక అవే గదులు రద్దు చేశారు. నిన్న రాత్రి రైల్లో మళ్లీ ఫోన్లు తీసి వెతుకుతున్నారు. హోటలువాళ్లు మన జట్టుని మనకంటే శ్రద్ధగా గమనిస్తున్నారని నా అనుమానం.

ఇప్పుడు మౌయి. ముందు కోచ్ హర్లీ గొడవ తేల్చేద్దాం, అది తేలితే గానీ మీరు తక్కింది వినరు.

మెంఫిస్ మీద మనం బాగా వెనకబడ్డాం. ఆఖర్లో పుంజుకుని, సెకనున్నర కూడా మిగలనప్పుడు సోలో బాల్ అనే మన కుర్రాడు కొట్టిన మూడు పాయింట్ల బంతితో ఓవర్‌టైమ్‌కి లాక్కొచ్చాం. ఓవర్‌టైమ్‌లో 92-92 దగ్గర, 40 సెకన్లు ఉండగా, రీబౌండ్ కోసం, అంటే బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి కోసం, ఎగిరిన మెక్‌నీలీ వెనకనుంచి మీద పడ్డాడని రిఫరీ ఫౌల్ ఇచ్చాడు. మన కోచ్ డాన్ హర్లీ పక్కగీత దగ్గర వెల్లకిలా పడిపోయాడు. లేచాక నోరాగలేదు. టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తనకి పడే శిక్ష. రెండు ఫౌళ్లకీ కలిపి మెంఫిస్‌కి నాలుగు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసే బంతులు, నాలుగూ పడ్డాయి, 96-92. చివరికి పోయింది రెండే పాయింట్లతో. టెక్నికల్‌కి వచ్చిన పాయింట్లూ రెండే.

"పాలిచ్చే ఆవు తన్నినా భరించాలి" అన్నారు మనలో పెద్దాయన. ఒప్పుకుంటాను. ఈ మనిషి 2018లో వచ్చేనాటికి జట్టు ఏ స్థితిలో ఉందో స్టోర్స్ చలిలో సగం ఖాళీ గాంపెల్ స్టేడియంలో కూర్చున్న నాబోటి వాళ్లకి తెలుసు. 2023, 2024 ట్రోఫీలు ఆయన పాలే. ఈ జూన్‌లో వృత్తి లీగు ఎన్‌బీఏలోని లేకర్స్ ఆరేళ్లకి 7 కోట్ల డాలర్లు ఇస్తామంటే వద్దని మన దగ్గరే ఉండిపోయాడు. కానీ ఆ రోజు ఆవు తన్నింది మనల్ని కాదు, పాలగిన్నెని. అది ఆయన తప్పే. రిఫరీ పొరబడ్డాడా లేదా అన్నది వేరే సంగతి. 40 సెకన్లుండగా స్కోరు సమంగా ఉన్నప్పుడు యాభై దాటిన కోచ్‌కి, పద్దెనిమిదేళ్ల కుర్రాడికంటే నిబ్బరం ఉండాలి. ఇది అన్నందుకు నన్ను ద్రోహి అన్నారు మీరు. సరే, అనండి.

అయితే మౌయి అంతా ఆ టెక్నికల్ ఫౌలే అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఆ 40 సెకన్ల ముందు 44 నిమిషాల ఆట ఉంది. దాని తర్వాత ఇంకో రెండు మ్యాచ్‌లున్నాయి, వాటిల్లో హర్లీ ఎక్కడా పడిపోలేదు.

ఒక్క లెక్క చూడండి: మెంఫిస్ మీద మనం 97 కొట్టి ఓడాం. బంతి బుట్టలో పడకపోవడం మన జబ్బు కాదు. ఈ జట్టుకి బంతి తిప్పడం వచ్చు, ఖాళీలు కనిపెట్టడం వచ్చు, దూరం నుంచి కొట్టేవాళ్లూ ఉన్నారు. జబ్బు అవతలి బుట్ట దగ్గర ఉంది, దాని పేరు ఫౌళ్లు. మూడు రోజులూ మనం అవతలివాళ్లని మాటిమాటికీ ఫ్రీ త్రో గీత దగ్గరికి చేతులారా తీసుకెళ్లి నిలబెట్టాం. కొత్తవాళ్లకి నిబంధన చెబుతాను. ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. ఒక సగంలో జట్టు చేసిన ఏడో ఫౌల్ నుంచి అవతలివాళ్లకి ఫ్రీ త్రో వస్తుంది, మొదటిది పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు. ఒక ఆటగాడికి ఐదు ఫౌళ్లయితే ఇక బెంచీయే. పది నిమిషాలకే ఏడు ఫౌళ్లు చేసుకున్న జట్టు ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ఆడాలి. చేతులు కట్టుకుని కాపలా కాస్తే ఏమవుతుందో మౌయిలో చూశాం.

ఎందుకిన్ని ఫౌళ్లు? నిరుడు వెనకాల డోనవన్ క్లింగన్ ఉన్నాడు కాబట్టి. ఏడడుగుల రెండంగుళాల మనిషి బుట్ట కింద చేతులెత్తి ఊరికే నిలబడితే చాలు, లోపలికి దూసుకొచ్చినవాడు మనసు మార్చుకునేవాడు. ముందు నిలబడి కాపలా కాసే గార్డులు ఆ ధీమాతో మీదమీదకి వెళ్లి బంతి లాక్కోవడానికి తెగించేవాళ్లు. తప్పినా వెనక గోడ ఉంది. ఈ ఏడాది గోడ ఎన్‌బీఏ జట్టు పోర్ట్‌లాండ్‌కి వెళ్లిపోయింది, తెగింపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. గార్డుని దాటి మనిషి లోపలికొస్తాడు, క్లింగన్ చోటుకొచ్చిన శామ్సన్ జాన్సన్ అర సెకను ఆలస్యంగా అందుకుంటాడు, చెయ్యి చేతికి తగులుతుంది, ఈల మోగుతుంది. జాన్సన్ చురుకైనవాడే, క్లింగన్ మాత్రం కాదు. ఆ తేడా కప్పుకోవాల్సింది అతనొక్కడే కాదు, అతని ముందున్న నలుగురూ. ఎముకల్లో పాతుకున్న అలవాటు మారాలి, దానికి మూడు మ్యాచ్‌లు చాలవు.

క్లింగన్ ఒక్కడే అయినా బాగుండేది. నిరుడు 37 గెలిచి 3 ఓడిన జట్టులో మొదటి ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. కాసిల్ నాలుగో పిక్, క్లింగన్ ఏడో పిక్, న్యూటన్, స్పెన్సర్ రెండో రౌండులో. నలుగురినీ ఎన్‌బీఏ ఎంచుకుపోయింది. మిగిలింది కరబన్ ఒక్కడు. తలకి దెబ్బ తగిలి డేటన్ మ్యాచ్‌కి అతనూ లేడు. అత్తగారూ వదినలూ ఊరెళ్లిన ఇంట్లో, కొత్త కోడలి చేత పెళ్లి వంట చేయించి, పప్పులో ఉప్పు తక్కువైందని పంక్తిలోంచి లేచిపోయినట్టుంది మన తీరు.

అసలు మా అమ్మమ్మ ఆవకాయ కలిపిన రోజు ఎవరినీ రుచి చూడనిచ్చేది కాదు. మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలిపేది. అప్పుడు ఉప్పు చూసి, చాలకపోతే కలిపి మళ్లీ వాసెన కట్టేది. మౌయిలో మనకి జరిగింది ఆ మూడో రోజు పని. ఉప్పు తక్కువని తెలిసింది. తెలిసిన రోజే జాడీ ఎత్తి పెరట్లో పారబోయడానికి తయారైంది మీరు.

డేటన్ మ్యాచ్‌ని మాత్రం నేను వెనకేసుకురాను. కరబన్ లేడు, మూడు రోజుల్లో మూడో మ్యాచ్, కాళ్లు లాగేశాయి, అన్నీ నిజమే. కానీ ఆ రాత్రి ఎవరి ముఖంలోనూ కసి కనపడలేదు. మొదటి రెండూ ఒక బంతి అటూ ఇటూ. మూడోదానికి ఏ సాకూ లేదు, 18 పాయింట్ల తేడా. కొలరాడో ఓటమి మార్చిలో మనకి ఎంత చేటు చేస్తుందో వాళ్లు జనవరిలో ఎలా ఆడతారన్న దాని మీద ఉంటుంది. ఆ మాట పట్టించుకునేవాళ్లు మనలో నలుగురైనా ఉండాలి. మార్చి 16న జాతీయ టోర్నీకి ఎంపిక సంఘం జట్లని వరసలో పెట్టేటప్పుడు, నవంబర్‌లో మన మీద గెలిచినవాళ్లు ఆ తర్వాత ఎలా ఆడారన్నది కూడా లెక్కకొస్తుంది. కాబట్టి అయ్యలారా, ఈ శీతాకాలం కొలరాడో, డేటన్, మెంఫిస్‌ల గెలుపు కోరుకోండి. మింగుడుపడదని తెలుసు.

మౌయి గురించి ఇంకో ముక్క. ఆటలు జరిగిన లహైనా ఊరు 2023 ఆగస్టులో కాలిపోయింది. నిరుడు ఈ పోటీని హొనొలులుకి మార్చారు. ఈ ఏడే తిరిగి ఆ ఊరి చిన్న జిమ్‌కి వచ్చింది. మూడు రోజులూ టీవీలో ఆ ఊరివాళ్లు నవ్వుతూ కనపడుతుంటే, మన ఇంటి బేస్‌మెంట్‌లో మనం చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నాం.

మౌయికీ మనకీ పాత లెక్క ఇంకొకటుంది. 2010 నవంబర్‌లో ర్యాంకే లేని మన జట్టు అక్కడికెళ్లి మిషిగన్ స్టేట్‌నీ కెంటకీనీ కొట్టి కప్పు తెచ్చింది. మన కెంబా వాకర్ రోజుకి దాదాపు ముప్ఫై చొప్పున కొట్టాడు. ఆ వారం చూసినవాడెవడైనా ఈ జట్టుకి తిరుగులేదనే అనేవాడు. తీరా మన లీగు బిగ్ ఈస్ట్ మొదలయ్యాక 9 గెలుపులు, 9 ఓటములు. అక్కడికి ఆశ వదులుకున్నారు జనం. మార్చిలో అదే జట్టు ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి బిగ్ ఈస్ట్ టోర్నీ, ఆపైన ఇంకో ఆరు గెలిచి జాతీయ ఛాంపియన్‌షిప్ పట్టుకుపోయింది. 2022-23 చూడండి, 14 మ్యాచ్‌లదాకా ఓటమే లేదు. ఆ తర్వాత ఎనిమిదింట ఆరు పోయాయి. అప్పుడూ మీరు దుకాణం కట్టేశారు. ఏప్రిల్‌లో ఏమైందో చెప్పే ఛాంపియన్‌షిప్ జెండా గాంపెల్ పైకప్పుకి వేలాడుతోంది. మన పెద్ద సీజన్లలో నవంబర్ చెప్పిన జోస్యం ఒక్కటీ సరిగ్గా ఫలించలేదు, మంచిదైనా చెడ్డదైనా.

అలాగని నవంబర్ ఎందుకూ పనికిరాదనడం లేదు. జాతకం చెప్పదు గానీ రక్తపరీక్ష కాగితం చేతికిస్తుంది. అది చదవమంటున్నాను.

చదివితే ఏముంది? మెక్‌నీలీ మొదటి ఏడాది కుర్రాడు, అయినా గట్టి జట్లు ఎదురైనప్పుడు వెనక్కి తగ్గలేదు. సోలో బాల్ నిరుడు బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు, ఇప్పుడు ఆఖరి సెకన్లలో బంతి అడిగి తీసుకుంటున్నాడు. హసన్ డియారా నిరుడు బిగ్ ఈస్ట్‌లో ఉత్తమ ఆరో ఆటగాడు, అంటే బెంచీ మీంచి వచ్చేవాళ్లలో మేటి, ఈ ఏడాది బండి మొత్తం లాగాలి. అతను అలిసిపోతే బంతి పట్టుకునేవాడు ఇంకొకడు లేడు. నిజమైన దిగులు నాకు అక్కడుంది. ఆ పని చేస్తాడనే సెయింట్ మేరీస్ నుంచి ఐడన్ మహానీని తెచ్చారు. ఇంకా కుదురుకోలేదు. మీలో కొందరు అతని గురించి మాట్లాడే మాటలు విని నాకు సిగ్గేసింది. మనం కూడా ఒక చోట బాగా చేసిన పని నమ్ముకుని ఇంకో చోటికి వచ్చినవాళ్లమే. మొదటి మూడు నెలలు మేనేజరు ముందు మనం ఎలా నీళ్లు నమిలామో ఒకసారి గుర్తుచేసుకోండి. మిషిగన్ నుంచి వచ్చిన టారిస్ రీడ్ మాత్రం రీబౌండ్ల దగ్గర తన తిండి తాను సంపాదించుకుంటున్నాడు.

ఇక మౌయి నుంచి వచ్చాక. నవంబర్ 30న మేరీలాండ్ ఈస్టర్న్ షోర్ మీద 50కి పైగా తేడాతో గెలిస్తే, ఆ శనివారం మిడిల్‌టౌన్ సత్యనారాయణ స్వామి గుడిలో ప్రసాదం వరసలో నిలబడి "గాడిలో పడ్డారు" అన్నారు. పడలేదు. అది మళ్లీ భోజనం పెట్టి ఓడించిన మ్యాచే. గాడిలో పడ్డ సూచన డిసెంబర్ 4న బేలర్ మీద కనపడింది, 76-72. ఆ రాత్రి మనలో సగం మంది సినిమా ప్రీమియర్‌కి వెళ్లారు, కాబట్టి చూడలేదు, అయినా అభిప్రాయాలు మాత్రం ఉన్నాయి. తర్వాత 8న ఆస్టిన్ వెళ్లి టెక్సస్‌ని 76-65తో కొట్టారు. ఆ రోజు మా బావమరిది అక్కడి స్టేడియంలో నారింజ రంగు జనం మధ్య మన నీలం జెర్సీ వేసుకు కూర్చున్నాడు, పుట్టింటి మాట దక్కించాడు. అదే రోజు అడిలైడ్‌లో మన క్రికెట్ జట్టు పది వికెట్లతో ఓడింది. ఒకే వారాంతంలో ఏడ్చి నవ్వడం మనకి అలవాటైపోయింది.

బేలర్, టెక్సస్, గొంజాగా, ఈ మూడు గెలుపుల్లో నాకు నచ్చింది స్కోరు కాదు. మౌయిలో దగ్గరి మ్యాచ్‌లు రెండూ మన చేతుల్లోంచి జారిపోయాయి. బేలర్ మీదా గొంజాగా మీదా ఆఖరి నిమిషాల్లో స్కోరు దగ్గరగానే ఉన్నా జారిపోలేదు. అంతవరకూ నిజమైన మెరుగుదల. ఫౌళ్ల జబ్బు నయమైందని మాత్రం నేను అనను. గొంజాగా మీద కూడా ఈల మోగినప్పుడల్లా నా పక్క సీటాయన రిఫరీని తిట్టాడు. నేను మన గార్డు కాళ్లు చూశాను. మనిషి ముందుకి కాళ్లు వెళ్లకపోతేనే చేతులు వెళతాయి. ఇంకా చేతులు వెళుతున్నాయి.

8 గెలుపులు, 3 ఓటములు. ఇప్పటికి ఇది దేశంలో మొదటి పదిహేను జట్లలో ఒకటని నా అంచనా, మొదటి మూడింటిలో కాదు. వరసగా మూడు టైటిళ్లు కోచ్ జాన్ వుడెన్ నాటి యూసీఎల్ఏ తర్వాత ఏ జట్టుకీ సాధ్యపడలేదు. రెండు గెలవడమే ఫ్లోరిడా తర్వాత మనకి పదిహేడేళ్లకి కుదిరింది. ఇలా అన్నానని మళ్లీ ద్రోహి అనకండి, ఒకసారి అనేశారు కదా.

బుధవారం జేవియర్ వస్తోంది, బిగ్ ఈస్ట్ మొదలు. 2022 డిసెంబర్ 31న ఆ 14 గెలుపుల పరంపరకి గండికొట్టింది వీళ్లేనని గుర్తుందిగా. మా ఇంట్లోనే చూద్దాం. మిరపకాయ బజ్జీలు మా ఆవిడ వేస్తానంది, పులిహోర ఎవరైనా తెండి. టీవీ పక్కన తెల్లకాగితం అంటిస్తాను. ఈసారి మన పాయింట్లు ఎవరూ రాయొద్దు, మన ఫౌల్‌కి ఈల మోగినప్పుడల్లా ఒక గీత పెట్టండి, మొదటి సగంలో ఏడో గీత ఏ నిమిషంలో పడిందో చూద్దాం. రిఫరీని తిట్టాలనుకునేవాళ్లు వరండాలోకి వెళ్లి తిట్టి రండి, బయట మంచు ఉంటుంది, కోటు మర్చిపోకండి.

ఇట్లు,
సెక్షన్ పైవరసలో మీ వెనకాల కూర్చునేవాణ్ణి

తాజా కలం: మౌయి రాత్రి కోపంలో మా బేస్‌మెంట్‌లో వదిలేసి వెళ్లిన హస్కీ టోపీ ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరిదో తెలుసు. బుధవారం వచ్చి తీసుకో బావా, నేనేమీ అనను.